లోయను చీల్చిన ఎర్ర గీత

మా ఇంటికి భోజనానికొచ్చే పిల్లల్లో చాలామంది కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు. తిన్నాక ఎవరో ఒకరు అడుగుతారు, "ఆంటీ, మీ రోజుల్లో కూడా ఆఫీసుల్లో ఇన్ని రాజకీయాలు ఉండేవా?" అని. ఉండేవి నాయనా. కాకపోతే మాకు ఈమెయిళ్లు తక్కువ కాబట్టి అనుమానాలు మొహాల మీదే కనిపించేవి. నేను రిటైరై చాలాకాలమైంది. ఆ మొహాలు మాత్రం ఇంకా గుర్తున్నాయి.

నేను చేసింది మ్యాపుల పని. అచ్చంపేట పక్క పిల్లని, హైదరాబాదులో జాగ్రఫీ చదువుకున్నాను. మా ఆయన డాక్టరు, గ్లాస్గోలో ఒక సర్జరీలో, అంటే ఇక్కడి క్లినిక్‌లో, జీపీగా కుదిరారు. ఆయన వెంట వచ్చి, కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని విసిగి, ఒక చిన్న మ్యాపుల కంపెనీలో చేరాను. పాత కాగితం మ్యాపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం, కొత్త గీతలు గీయడం మా పని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాకొక పెద్ద కాంట్రాక్టు వచ్చింది. స్కాట్లాండుకి అప్పటిదాకా ఒక్క నేషనల్ పార్కు కూడా లేదు. కొత్త పార్లమెంటు వచ్చాక పార్కులు పెడదామన్నారు. అందులో ఒకదాని హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చిత్తుగీత గీసిపెట్టే పని మాకిచ్చారు.

వినడానికి ఎంత బావుందో చూడండి, నేషనల్ పార్కుకి హద్దు గీయడం. నేనూ అలాగే మురిసిపోయాను. మొదటి రోజే మా మేనేజరు ఆ మురిపెం దించేశాడు.

ఆయన ఒకప్పుడు సైన్యంలో సర్వేయరు. పొడుగ్గా, నిటారుగా, ఎండాకాలంలో కూడా టై కట్టుకుని ఉండేవాడు. అందరినీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు.

"ప్రజల ముందు పెట్టేదాకా ఈ గీత ఈ గది దాటకూడదు. గీత లోపల పడ్డ నేల ధర ఒకలా మారుతుంది, బయట పడ్డది ఇంకోలా మారుతుంది. ముందే తెలిసిందంటే ఎవడి గొర్రెలు వాడు కాచుకుంటాడు."

గదిలో ఉన్నది నలుగురం. మేనేజరు, నేను, ఒక ఫీల్డ్ ఆఫీసరు, ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు.

ఫీల్డ్ ఆఫీసరంటే కొండలెక్కి చూసొచ్చే మనిషి. ఆయనకి యాభై దాటి ఉంటాయి, గాలికి ఎర్రబడ్డ చెంపలు, ఎప్పుడూ తడిసిన కుక్క వాసన. పసుపుపచ్చ రెయిన్‌కోటు ఆఫీసులో స్టాండుకి తగిలించి, చొక్కా చేతులు మడిచి, గోడమీది మ్యాపు ముందు నిలబడేవాడు. ఆయనకి కంప్యూటర్ మీద నమ్మకం లేదు. నేను ఎన్నిసార్లు ప్రింటు తీసిచ్చినా, గోడమీది మ్యాపులో తన చేత్తో లావు ఎర్ర మార్కరుతో గీత దిద్దితేగాని ఆయనకి గీత గీసినట్టు కాదు. ఆ మ్యాపు ఇంచుమించు మనిషంత ఎత్తుండేది. కిటికీ వెలుతురు బాగా పడుతుందని ఎదురుగోడకి అంటించుకున్నాం.

సాఫ్ట్‌వేర్ కుర్రాడిది తెనాలి. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద వచ్చాడు. నన్ను మొదటి రోజు "మేడం" అన్నాడు, రెండో రోజు గోంగూర పచ్చడి డబ్బా మూత తీసేసరికి "అక్కా" అన్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం ఇద్దరం కలిసే తినేవాళ్లం. నా యాస విని అతను నవ్వేవాడు, అతని యాస విని నేను నవ్వేదాన్ని. భార్య, ఏడాది నిండని పాప త్వరలో వస్తున్నారని ఒక ఫ్లాట్ కూడా తీసుకున్నాడు. ఆ ఫ్లాట్ హీటర్ గురించి ఇక్కడి ఇంటి ఓనరుకి ఎలా చెప్పాలో నన్నే అడిగేవాడు.

పని ఇద్దరం పంచుకున్నాం. దక్షిణపు మూల నాది, మిగతా అంతా అతనిది.

ఆ మిగతాలోనే ఉంది గొడవంతా. అక్కడొక లోయ ఉంది. పై సగం అందంగా ఉంటుంది, వాగు, పాత ఓక్ చెట్లు, మబ్బులు తలకి చుట్టుకునే కొండ. కింది సగంలో కలప కోసం నాటిన స్ప్రూస్ చెట్లు బారులు తీరి ఉంటాయి. అది ప్రకృతి సౌందర్యం కిందకి రాదని పైవాళ్లు అన్నారు. దాంతో గీత లోయకి అడ్డంగా పోయింది. ఆ అడ్డగీత సరిగ్గా ఒక గొర్రెల ఫారం మధ్యలోంచి వెళ్లింది. ఇల్లు పార్కు బయట, గొర్రెలు మేసే కొండ పార్కు లోపల. ఫారం పక్కనే ఒక పెద్ద ఎస్టేటు. అది మొత్తం బయటే ఉంది. కారణం ఆ చెట్లే. కానీ కారణం తెలియనివాళ్లకి అది ఎలా కనిపిస్తుందో మీరే ఊహించుకోండి.

ఆకులు రాలడం మొదలైన రోజుల్లో, ఒక శుక్రవారం పొద్దున మేనేజరు లోపలికొచ్చి ఒక పేపరు నా బల్లమీద పరిచాడు. ఆ కొండప్రాంతపు వారపత్రిక. మొదటి పేజీలో చేత్తో వేసిన ఒక బొమ్మ. చెరువు, వాగు, కొండ, వాటిమధ్యలోంచి పోతున్న గీత. మా గీతే. ఆ ఫారాన్ని రెండుగా నరికిన వంపుతో సహా.

"ఇది ఎలా బయటికి పోయింది?" అన్నాడు మేనేజరు. గొంతు పెంచలేదు. పెంచినా బావుండేది.

ఫీల్డ్ ఆఫీసరు వంగి చూసి, "బొమ్మ బాగానే వేశాడు. కానీ దక్షిణపు మూల లేదే?" అన్నాడు.

నిజమే. గీత కిందికొచ్చి, దక్షిణపు మూల దగ్గర టక్కున ఆగిపోయింది. ఇచ్చినవాడెవడో అన్నీ ఇచ్చి ఆ మూల మాత్రం ఎందుకు వదిలేశాడు?

మేనేజరు తల పైకెత్తి తెనాలి కుర్రాడివైపు చూశాడు. ఆ చూపుతో నాకు అర్థమైంది. దక్షిణపు మూల లేనిది అతని దగ్గరే కదా.

మధ్యాహ్నం ఒక్కొక్కరినీ లోపలికి పిలిచాడు. నా వంతు వచ్చింది.

"మీరిద్దరూ మధ్యాహ్నం పూట మీ భాషలో చాలాసేపు మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారు?"

నిజం చెప్పాను. "ఎక్కువగా కరివేపాకు గురించండి. ఇక్కడ తాజాది దొరకదు."

ఆయన నవ్వలేదు. నేను చెప్పేది విని తలాడించి, పెన్నుతో బల్లమీద తట్టాడు. "నిన్న కూడా కరివేపాకేనా?"

"నిన్న మెంతికూర."

పిల్లలకి ఈ మాట చెబితే పడీ పడీ నవ్వుతారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు, భయమేసింది. మనం మన భాషలో మాట్లాడుకున్న ప్రతి మాటా వెనక్కెళ్లి నేరంలా మారిపోతుంటే ఎలా ఉంటుందో మీకు తెలియకూడదనే కోరుకుంటాను.

సోమవారానికి తెనాలి కుర్రాడి కంప్యూటర్లో మ్యాపుల ఫైళ్లు తెరుచుకోలేదు. పాస్‌వర్డు మార్చేశారు. అతని బల్లని మేనేజరు గది తలుపు ఎదుటికి జరిపారు. ఏజెన్సీకి ఫోను వెళ్లింది, నెలాఖరు తర్వాత కాంట్రాక్టు పొడిగించబోమని. ఆ రోజుల్లో వర్క్ పర్మిట్ కంపెనీతో ముడిపడి ఉండేది. మచ్చతో బయటికి పంపితే ఇంకెవరు తీసుకుంటారు? భార్యకి టికెట్లు కూడా కొనేసి ఉన్నాడు.

నేను డబ్బా తీసుకుని వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. అతను లేచి నిలబడ్డాడు.

"అక్కా, మీరు ఇక్కడ కూర్చోవద్దండీ. చూసేవాళ్లు ఇంకోలా అనుకుంటారు."

"అనుకోనీ తమ్మీ. తిను."

అతను తినలేదు. మెల్లగా అడిగాడు. "అక్కా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. బావగారి సర్జరీకి ఆ ఎస్టేటు మేనేజరు వస్తాడని మీరే ఓసారి అన్నారు గదా. ఇంట్లో ఎప్పుడైనా మాటల్లో ఏమైనా…"

ఆ వాక్యం అతను పూర్తి చేయలేదు. డబ్బా మూతపెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేశాను. మేనేజరు అనుమానించినప్పుడు భయపడ్డాను. ఇతను అనుమానించాక ఆ డబ్బా ముట్టలేకపోయాను, అలాగే ఇంటికి తెచ్చేశాను.

ఇంటికెళ్తే మా ఆయన చూడగానే అడిగారు. "ఏంది గట్ల మొకం పెట్టినవ్?"

"నువ్వు ఆ ఎస్టేటాయనతోని ఎన్నడన్న నా పని ముచ్చట చెప్పినవా?"

ఆయన చేతిలో గరిట పట్టుకుని నిలబడిపోయారు. "నాకు నీ పని గురించి తెల్సిందేంది? నువ్వు మ్యాపుల మీద గీతలు గీస్తవ్. గాయనకు మోకాలి నొప్పి. గీతకు, మోకాలికి ఏం సంబంధం?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలోనే ఒక సంగతి గమనించి ఆగిపోయాను. నేను కూడా మా ఆయన్ని అడిగానే! అనుమానం జలుబు లాంటిది. పక్కవాడు తుమ్మాడంటే మన ముక్కూ దురదపెడుతుంది.

ఆ జలుబుతోనే తర్వాతి వారం ఫీల్డ్ ఆఫీసరుతో కలిసి ఆ లోయకి వెళ్లాను. గీత నేలమీద ఎక్కడెక్కడ పడుతుందో కొలిచి రావాలి. దారంతా ఆయన్నే గమనిస్తూ కూర్చున్నాను. ఆ ఊళ్లలో అందరూ ఆయనకి తెలుసు, అందరూ టీ ఇస్తారు. ఆయన గాని నోరు జారలేదు కదా?

ఆయన మాత్రం తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "అమెరికాలో అడవుల్ని కాపాడి నేషనల్ పార్కులు పెట్టాలని గొంతు చించుకున్నవాళ్లలో ఒకడు ఈ దేశంలో పుట్టిన పిల్లాడే తెలుసా? అక్కడికి వలసపోయి అక్కడ సాధించాడు. పుట్టిన చోట ఒక్కటి పెట్టడానికి మనకి ఇన్నాళ్లు పట్టింది."

"ఎందుకని?"

"అక్కడ గీత గీసినప్పుడు లోపలున్నవాళ్లని తరిమేశారు, అడ్డం చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ ఒక్కో గొర్రెకీ ఒక ఓనరున్నాడు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా నల్లమలలో పులుల కోసం గీత గీసినప్పుడు చెంచులకి ఎవరు చెప్పారు? చిన్నప్పుడు మా ఇంటికి తేనె తెచ్చే చెంచు అవ్వ, "మేం అడివిలనే ఉన్నం, అడివే మారిందంటున్రు బిడ్డా" అనేది. అప్పుడు అర్థం కాలేదు.

ఫారం యజమానురాలు వాకిట్లోనే ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక ఒక్కతే గొర్రెల్ని చూసుకుంటోందని కార్లో విన్నాను. రబ్బరు బూట్లు, తలకి స్కార్ఫు, ఒక కంటి చుట్టూ ఇంకా కాస్త ఎరుపు. ఆపరేషన్ అయిందట. ఫీల్డ్ ఆఫీసరుకి కూడా టీ ఇస్తాననలేదు.

"పేపర్లో చూశాను. నా వంటిల్లు మామూలు స్కాట్లాండట, నా గొర్రెలు నేషనల్ పార్కట. షెడ్డు రేకు మార్చాలంటే ఏ ఆఫీసుకి పోవాలి నేను? రెండింటికీనా?"

"ఇంకా ఏదీ ఖాయం కాలేదు" అన్నాడు ఫీల్డ్ ఆఫీసరు.

"ఖాయం కాకముందే ఎస్టేటు బయటికెలా పోయింది? వాళ్లకి ముందే తెలిసిందన్నమాట."

"చెట్ల వల్ల…" అని నేను మొదలుపెట్టాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు గీశావా అమ్మాయీ, ఈ గీత?"

"నేనూ గీసినవాళ్లలో ఒకదాన్ని."

"అయితే రా, చూడు."

కొండ వైపు తీసుకెళ్లింది. వాగు దాటాక గడ్డిలో రాళ్లు కనిపించాయి. చతురస్రంగా పేర్చిన పునాదులు, ఒక పొయ్యి ఉన్న చోటు. ఒకటి కాదు, వరుసగా చాలా ఇళ్లవి. గొర్రెల కోసం దొరలు జనాన్ని ఖాళీ చేయించిన రోజులనాటివి. ఆ కథ నేను పుస్తకాల్లో చదివాను. గోడమీద గడ్డి మొలవడం మాత్రం అప్పుడే చూశాను.

"తర్వాత పట్నం నుంచి బొమ్మలు వేసేవాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు వచ్చారు. ఎంత నిర్జనమైన అడవి, మనిషి అడుగుపెట్టని చోటు అని రాసుకుపోయారు. మనుషుల్ని పంపించేశాక మనుషులెక్కడుంటారు?" అంది. "ఇప్పుడు మీరు వచ్చారు. మీరేం రాసుకుపోతారో."

తిరిగొచ్చేటప్పుడు కారు ఫీల్డ్ ఆఫీసరే నడిపాడు. ఊరి పొలిమేర దాటాక ఉన్నట్టుండి అన్నాడు. "పొద్దున్నుంచి నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నావు. నేను కాదు."

"నేనూ కాదు" అన్నాను.

"తెలుసు. నువ్వయితే దక్షిణపు మూల కూడా ఇచ్చేదానివి." ఇద్దరం నవ్వుకున్నాం గాని, పెద్దగా హాయిగా ఏమీ లేదు.

రెండు రోజుల తర్వాత నా రైలు రద్దయింది. పట్టాలమీద ఆకులు పడ్డాయట. ఈ దేశంలో ఆకు రాలితే రైలాగుతుంది, మీకు తెలుసు. విధిలేక డబుల్‌డెక్కర్ బస్సెక్కాను. కింద సీట్లు లేవు, పైడెక్కుకి వెళ్లి ముందువరసలో కూర్చున్నాను. అది బస్‌స్టేషను నుంచి మా ఆఫీసు వీధి మీదుగా పెద్దాసుపత్రికి పోయే బస్సు. మా ఆఫీసు మొదటి అంతస్తులో ఉంటుంది. వీధిలోంచి తలెత్తి చూస్తే సీలింగు తప్ప ఏమీ కనిపించదు.

మా బిల్డింగు ఎదుట సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. యథాలాపంగా పక్కకి చూశాను. నా బల్ల కనిపించింది. నా కప్పు కనిపించింది. ఆ వెనక గోడమీద, లైట్ల వెలుగులో, మనిషంత మ్యాపు. లావు ఎర్ర గీత. చెరువు వంపు, కొండ, లోయకి అడ్డంగా పోయిన కోత, అన్నీ. దక్షిణపు మూల మాత్రం కనిపించలేదు. దానికి అడ్డంగా స్టాండు మీద పసుపుపచ్చ రెయిన్‌కోటు వేలాడుతోంది.

బస్సు కదిలిపోయింది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను.

మేనేజరు ఇంకా కోటు కూడా విప్పలేదు. "మీరు నాతో ఒకసారి బస్సెక్కాలి" అన్నాను.

"ఏమిటి?"

"బస్సు. పైడెక్కు. ఇప్పుడే."

నా మొహంలో ఏం కనిపించిందో గాని ఎదురు ప్రశ్న వేయకుండా వచ్చాడు. రెండు స్టాపులు వెనక్కి నడిచి, బస్సెక్కి, ఆ పొడుగాటి మనిషి తల వంచుకుని ఇరుకు మెట్లెక్కాడు. సిగ్నల్ పచ్చగా ఉంది. బస్సు ఆగకుండా పోయింది. ఆయనకి ఏమీ కనిపించలేదు. మళ్లీ దిగి, మళ్లీ వెనక్కి నడిచి, మళ్లీ ఎక్కాం. డ్రైవరు మమ్మల్ని గుర్తుపట్టి అనుమానంగా చూశాడు. ఈసారి ఎర్ర సిగ్నల్ పడింది.

ఆయన చాలాసేపు చూశాడు. లైటు మారి బస్సు కదిలాక కూడా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు. తర్వాత టై ముడి సవరించుకున్నాడు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు" అన్నాడు. "ఈరోజే కిటికీలకి తెరలు వేయిస్తాను."

"మరి అతను?"

"కాంట్రాక్టు నెలాఖరుకి ఎలాగూ అయిపోతుంది. కారణమేదీ రాయలేదు."

"రాయలేదు. కానీ ఏజెన్సీకి తెలుసు, ఆఫీసంతా తెలుసు. అతను దొంగ అని అనుకుంటున్నారు. మీరు అనుకునేలా చేశారు."

నా గొంతు పైకి లేచినట్టుంది. ముందుసీట్లో ముసలాయన వెనక్కి తిరిగాడు. నేను అంతకుముందెప్పుడూ పైఅధికారితో అలా మాట్లాడలేదు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆలోచిస్తాను" అన్నాడు. ఆ ఆలోచిస్తానన్న మాటని నేను రవ్వంత కూడా నమ్మలేదు.

తెనాలి కుర్రాడికి ఆ మధ్యాహ్నమే చెప్పేశాను. చెప్పద్దన్నా చెప్పేశాను. అతను కిటికీ దగ్గరికెళ్లి, కింద సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు పైడెక్కువైపు చూశాడు. అందులో ఎవరో పాపని ఎత్తుకున్న తల్లి ఇతన్నే చూస్తోంది.

"నెలల తరబడి అందరికీ చూపించి, నన్ను పట్టుకున్నారా అక్కా?" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆ లోయలో ఊరి హాలులో బహిరంగ సమావేశం. చిత్తుగీతను ప్రజలముందు పెట్టే రోజు అదే. కుర్చీలు చాలక జనం గోడలవెంట నిలబడ్డారు. తడి ఉన్ని కోట్ల వాసన, చివర బల్లమీద టీ పాత్ర బుస్సుమంటోంది. ఎస్టేటు మేనేజరు కూడా మోకాలు చాపుకుని ముందువరసలో ఉన్నాడు. జనం అతనివైపు చూడకుండా చూస్తున్నారు.

మా మేనేజరు నిలబడి పార్కు ఎందుకో, గీత ఎందుకో చెప్పడం మొదలుపెట్టాడు. వెనకనుంచి ఒకతను అడ్డుకున్నాడు.

"ముందు ఒక సంగతి చెప్పండి. మీ గీతని పేపరుకి ఇచ్చినవాణ్ణి పట్టుకున్నారటగా? ఎవరో ఇండియా అతనట. అతన్ని తీసేశారట. నిజమేనా? మేం అతనికి థాంక్స్ చెప్పుకోవాలి."

హాలంతా చప్పట్లు. మేనేజరు అవునన్నా కాదన్నా సరిపోయే చోటది. అది ఆఫీసు అంతర్గత వ్యవహారం అని ఒక్కమాటతో దాటేయొచ్చు కూడా. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. ఫీల్డ్ ఆఫీసరు, నేను ఒకరిమొహం ఒకరు చూసుకున్నాం.

"ఎవరూ ఇవ్వలేదు" అన్నాడు చివరికి. "అతను ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది. మేం మ్యాపుని గోడమీద పెట్టుకుని, కిటికీకి తెర వేయడం మర్చిపోయాం. ఎదుట సిగ్నల్ దగ్గర బస్సులు ఆగుతాయి. పైడెక్కులోంచి అంతా కనిపిస్తుంది. నేను స్వయంగా ఎక్కి చూశాను."

హాలు పగిలిపోయేలా నవ్వులు. ఎస్టేటు మేనేజరు కూడా నవ్వాడు. టీ పోసే ఆవిడ చేతిలో కప్పు ఒలికింది. అన్ని రోజుల బిగింపు ఆ నవ్వుతో ఒక్కసారిగా సడలింది.

నవ్వనిది ఒక్క మనిషే. ఫారం యజమానురాలు లేచి నిలబడింది.

"నేనే చూశాను" అంది.

నవ్వులు ఆగాయి.

"కంటి ఆపరేషనయ్యాక ఆసుపత్రికి వెళ్తున్నాను. ఏళ్ల తర్వాత మొదటిసారి అన్నీ తేటగా కనిపిస్తుంటే మురిసిపోతూ పైడెక్కులో కూర్చున్నాను. బస్సు ఆగింది. కిటికీలో మా చెరువు కనిపించింది. నేను పొరబడ్డానేమో అనుకున్నాను. మరుసటి వారం వెళ్లినప్పుడు మళ్లీ చూశాను. మా కొండ, మా వాగు, వాటిమీద ఎర్రటి గీత. ఇంటికొచ్చి కాగితం మీద వేసి పేపరాయనకి ఇచ్చాను."

ఆమె మేనేజరువైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది వినడానికి.

"మీరు తెర వేయడం మర్చిపోయామంటున్నారు. నేను అడిగేది వేరు. మా లోయని మాకు కనపడకుండా తెర వెనక ఎందుకు పెట్టాలి? మా తాతల్ని పంపించేసినప్పుడూ ఎక్కడో గదిలో గీత గీశాకే చెప్పారు. మంచి పనే చేస్తున్నారేమో. అయితే మంచి పనికి ఇంత గుట్టెందుకు?"

మేనేజరు మెల్లగా కాగితాలు పక్కన పెట్టి, ఎర్ర మార్కరు మూత తీసి ఆమెవైపు చాపాడు. "మీరైతే ఎక్కడ గీస్తారు?" అన్నాడు.

ఆమె ఆ మార్కరువైపు చాలాసేపు అనుమానంగా చూసింది. ఇందులో ఏదైనా మోసం ఉందా అన్నట్టు. తీసుకోలేదు. "ముందు మూత పెట్టండి" అంది. "టీ తాగుతూ మాట్లాడుకుందాం. అందరూ మాట్లాడాక గీద్దాం."

ఆ సాయంత్రం వెలుతురు పోయేదాకా మాట్లాడారు. అరుచుకున్నారు కూడా. అప్పటినుంచి ప్రతి ఊళ్లోనూ అదే పద్ధతి. చివరికి గీత లోయ నోటిదాకా దిగింది. స్ప్రూస్ చెట్లు, ఎస్టేటు, ఫారం మొత్తం లోపలికొచ్చాయి. ఎస్టేటు మేనేజరు మోకాలినొప్పి అప్పటినుంచి ఎక్కువైందని మా ఆయన అనేవారు. అది ఆయన వేళాకోళం.

సోమవారం మేనేజరు తెనాలి కుర్రాడి బల్ల దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా క్షమాపణ చెప్పాడు. ఏజెన్సీకి ఫోను చేసి తన పొరపాటని చెప్పాడు. ఉండిపొమ్మన్నాడు. కుర్రాడు మర్యాదగా చెయ్యి కలిపాడు, ఉండనని మర్యాదగా చెప్పాడు. మచ్చ పోయిందిగదా, ఏజెన్సీయే వాట్‌ఫర్డ్ అనే దూరపు ఊళ్లో ఇంకో పని చూసిపెట్టింది. భార్యాబిడ్డలు నేరుగా అక్కడికే వస్తారు.

నేను కొంత బాధపడ్డాను, కొంత ఊరటపడ్డాను. అతను నన్ను అడిగిన ఆ సగం ప్రశ్న మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. ఆ ఊసు ఇద్దరం ఎత్తలేదు.

అతను వెళ్లేరోజు నేను సెలవు పెట్టి స్టేషనుకి వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద రెండు సూట్‌కేసుల మధ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"మీరెందుకొచ్చారక్కా, చలిలో?"

"ఎందుకొస్తరు? సాగనంపెతందుకే."

కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఈ దేశంలో మాటల్లేనప్పుడు అదొక్కటే దిక్కు. రైలు వచ్చింది. సూట్‌కేసులు ఎక్కించాక అతను తలుపు దగ్గర నిలబడి, నేలవైపు చూస్తూ అడిగాడు.

"అక్కా, మీరు నన్ను ఎప్పుడైనా అనుమానించారా?"

"లేదు తమ్మీ."

"నేను మిమ్మల్ని అనుమానించానండీ."

"తెల్సు."

"బావగారిని కూడా."

"గది గూడ తెల్సు. నేను గూడ ఆయన్ని అడిగిన."

అతను తలెత్తి నావైపు చూశాడు. ఒక్కక్షణం అలాగే చూసి, చిన్నగా నవ్వాడు. నేను సంచిలోంచి పులిహోర డబ్బా తీసి చేతిలో పెట్టాను. దూరప్రయాణం, రైల్లో శాండ్‌విచ్‌లు అతనికి పడవు. అతను మూత కొంచెం తీసి లోపలికి తొంగిచూశాడు. చాలా గంభీరంగా మొహం పెట్టాడు.

"ఇందులో ఏమీ కలపలేదుగా?"

"అనుమానముంటే ఇటియ్యి, నేనే తింట."

అతను డబ్బా గుండెకి హత్తుకుని గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలేటప్పటికి సీటు కూడా వెతుక్కోకుండా, ఆ తలుపు అద్దం వెనకే నిలబడి, వేళ్లతో తినడం మొదలుపెట్టాడు.